పెట్టె నేర్చిన పిలుపు

ఈ కథలో ఏది ముందో ఏది తర్వాతో నేను కొంచెం అటూ ఇటూ చెయ్యొచ్చు. చేలో గుంజ పాతింది వాన పడ్డాకనా, పడకముందా అని అడిగితే చెప్పలేను. నక్క ఏం చేశాడో, కుక్క ఏం చేశాడో మాత్రం బాగా గుర్తుంది. అది జారిపోకముందే రాసేస్తున్నాను. నా రాత చూసి మా చెల్లెలి కూతురు సుగుణ శుభ్రంగా తిరగరాస్తానంది.

కొండవాలులో ఓబులేసు అనే రైతుకి వేరుశనగ చేను ఉంది. చేనికి ఒక వైపు అడవి, ఇంకో వైపు ఇల్లూ పెరడూ. పెరట్లో సింగన్న అనే కుక్క, బూదన్న అనే ముసలి ఎద్దు, చుక్కమ్మ అనే చుక్కల పెట్ట, ఆమె పిల్లాపీచూ ఉండేవాళ్ళు. అడవి అంచున పొదలో తిరిపాలు అనే నక్క కాపురం.

ఊడలు దిగి కాయ పట్టే రోజులు వస్తే అడవిపందులు చేలో పడతాయి. వాటిని తరమడం సింగన్న పని. గట్టు చుట్టూ తిరిగి అరిచి, తెల్లారాక లింగమ్మ వేసే సంగటిముద్ద తిని పడుకునేవాడు. లింగమ్మ ఓబులేసు భార్య. పెరటి మంచిచెడ్డలన్నీ ఆమెవే.

ఆ ఏడు ఓబులేసు పట్నం నుంచి ఒక పెట్టె తెప్పించి చేనుగట్టున ఇనప గుంజ మీద పెట్టించాడు. దానికి ఒక గాజు కన్ను, ఒక మైకు, నెత్తిన ఎండకి చార్జీ అయ్యే పలక. బిగించడానికి వచ్చిన మనిషి ఓబులేసుకి చెప్తుంటే, పక్కనే కట్టేసి ఉన్న బూదన్న, కాళ్ళ దగ్గర కూర్చున్న సింగన్న అంతా విన్నారు.

"ఇది తిండి అడగదు, కునుకు తియ్యదు. ఏ జంతువు వచ్చిందో చూస్తుంది. తన దగ్గరున్న చప్పుళ్ళలో ఒకటి వదుల్తుంది. జంతువు పారిపోతే ఆ చప్పుడే సరైందని గుర్తుపెట్టుకుంటుంది. కదలకపోతే ఇంకొకటి వదుల్తుంది. మీ పెరట్లో వినపడేవన్నీ అదే పోగేసుకుంటుంది. మీరు నేర్పక్కర్లేదు."

"మా కుక్క అరుపు కూడా పట్టుకుంటుందా?" అన్నాడు ఓబులేసు.

"అరిపించండి, చూద్దాం."

సింగన్నకి ఎక్కడలేని హుషారు వచ్చింది. గుంజ కింద నిలబడి పందిని చూసిన అరుపు, కొత్తమనిషిని చూసిన అరుపు, పాముని చూసిన అరుపు, అన్నీ అరిచి చూపించాడు. పెట్టె ఎర్రదీపం వెలిగించుకుని విన్నది.

మర్నాడు పొద్దుగూకే వేళ సింగన్న పెరట్లో నీళ్ళు తాగుతున్నాడు. చేలోంచి అతని అరుపే వినిపించింది. వెంటనే పందులు పారిపోతున్న చప్పుడు. సింగన్న నీళ్ళలోంచి మూతి తీశాడు.

"మామా, ఇప్పుడు నేను అరిచానా?"

"నీ మూతి నీళ్ళలో ఉంది," అన్నాడు బూదన్న.

"గొంతు నాదే గదా."

"నీదే."

"మరి ఎవరు అరిచినట్టు?"

బూదన్న నెమరు ఆపాడు. "నువ్వే అరిచావు. కానీ నువ్వు అరవలేదు. నాకంతవరకే తెలిసింది."

ఆ తర్వాత సింగన్న ఎప్పుడు అరిచినా ఇంట్లోవాళ్ళు పెట్టె అరుస్తోందనుకునేవాళ్ళు. పెట్టె అరిస్తే ఒక్కోసారి సింగన్నే తను అరిచాననుకుని ఆయాసపడేవాడు. చివరికి ఒకరోజు ఓబులేసు అతన్ని పెరట్లో మేకు పాతి గొలుసుతో కట్టేసి, లింగమ్మతో అన్నాడు:

"ఇటుకబట్టీ యజమాని కుక్క కావాలన్నాడు. సంతరోజు వచ్చి తీసుకుపోతాడు. మనకింక దీంతో పనేముంది."

బట్టీ దగ్గర కుక్కల సంగతి సింగన్నకి తెలుసు. బండి వెనక ఒకసారి అటు వెళ్ళాడు. సెగకి బొచ్చు ఊడిపోయి, దుమ్ముకి కళ్ళు కనపడక, ఎవర్ని చూసి అరుస్తున్నాయో వాటికే తెలీకుండా అరుస్తాయి.

ఆ సాయంత్రమే తిరిపాలు పరామర్శకి వచ్చాడు.

ఆ చుట్టుపక్కల ఒక మర్యాద ఉంది. కష్టం వచ్చినవాళ్ళ ఇంటికి ఎవరైనా వచ్చి తలవంచుకుని కూర్చుంటే, వాళ్ళు పగవాళ్ళైనా సరే పొమ్మనరు. జంతువులు కూడా ఆ మర్యాద పాటిస్తాయి. తిరిపాలు గొలుసు ఎంత దూరం సాగుతుందో కళ్ళతోనే కొలిచి, దానికి కొంచెం అవతల కూర్చుని తోక ముందరికి చుట్టుకున్నాడు.

"ఇట్లా అయిందంట గదా బావా. విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు."

"నీకు ముద్ద దిగకపోతే మా కోళ్ళు బతికినట్టే."

"ఈ సమయంలో ఎగతాళి ఎందుకులే. నీ గొంతు వింటే నా కాళ్ళు చల్లబడేవి. ఇప్పుడు ఆ గుంజ అరుస్తుంటే ఎవరికి భయపడాలో తెలీడం లేదు. భయపడటంలో కూడా ఒక తృప్తి ఉండేది బావా."

ఆ మాటకి సింగన్న కరిగిపోయాడు. అన్ని రోజుల్లో అతని అరుపు గురించి మంచిగా మాట్లాడింది నక్క ఒక్కడే.

"అంత తెలివి ఆ పెట్టెకి ఎక్కడిదంటావు?" అన్నాడు తిరిపాలు నెమ్మదిగా.

"తెలివా, పాడా. ఎదుటివాడు పరుగెడితే తనేదో గొప్ప పని చేశాననుకుంటుంది. వాడు కదలకపోతే ఇంకో కూత తీస్తుంది. పంది ఏంటో దానికి తెలీదు, నక్క ఏంటో తెలీదు. దూడ అంబా అన్నది పట్టుకుంది. లింగమ్మ కోళ్ళకి మేత వేసేటప్పుడు బో బో అని పిలుస్తుంది చూడు, అదీ పట్టుకుంది. ఆ పిలుపు ఎందుకో మాత్రం దానికి తెలీదు."

తిరిపాలు చెవులు నిక్కాయి. వెంటనే వాటిని వంచుకున్నాడు. "లింగమ్మ గొంతుతోనే?"

"అచ్చం ఆమె గొంతే."

"ధైర్యంగా ఉండు బావా. మనసు రాయి చేసుకో," అంటూ లేచాడు తిరిపాలు. పరామర్శ అంత త్వరగా ముగియడం ఆ పక్కల ఎవరూ చూడలేదు.

అతను పొదల్లో కలిసిపోయాక బూదన్న గొంతు సవరించుకున్నాడు. "ట్రాక్టరు వచ్చి నా అరక మూలపడినప్పుడు కూడా వచ్చాడు వీడు. ఇట్లాగే కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు. పోతూ పోతూ గూట్లో గుడ్లన్నీ తాగి పోయాడు."

"ఇప్పుడా మామా చెప్పేది."

"నువ్వు ఏడుస్తున్నావు. మధ్యలో ఎట్లా చెప్పేది."

మర్నాటి నుంచి పొద్దుగూకే వేళకి తిరిపాలు చేనుగట్టుకి రావడం మొదలుపెట్టాడు. పొదల్లో నక్కలేదు. నేరుగా పెట్టె కంటికి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు. పెట్టె సింగన్న గొంతుతో అరిచింది. తిరిపాలు కదల్లేదు. పులిలా గర్జించింది. ఆవలించాడు. టపాకాయలు పేల్చింది. చెవి గోక్కున్నాడు. దూడలా అంబా అంది. ఇంకేం చెయ్యాలో తోచక లింగమ్మ గొంతుతో, "బో... బో... బో..." అంది.

అంతే. తిరిపాలు ఎగిరిపడ్డాడు. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, కుయ్యోమంటూ, పడుతూ లేస్తూ అడవిలోకి పరుగెత్తాడు.

ఆ తర్వాతి సాయంత్రం కూడా అంతే. ఆ తర్వాత పెట్టె మిగతా కూతలు మానేసింది. తిరిపాలు కనపడటం ఆలస్యం, "బో... బో..." అనేది. అప్పటికి కోళ్ళు గూట్లో ఉండేవి, తలుపు వేసి ఉండేది. లోపల ఒకరినొకరు తొక్కుకుంటూ, మేత వేళ కాదు గదా అని గోల చేసి మళ్ళీ సర్దుకునేవి.

గొలుసు దగ్గర్నుంచి సింగన్న అంతా చూస్తున్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"మామా, పులి గర్జనకి బెదరనివాడు లింగమ్మ పిలుపుకి ఎందుకు బెదురుతున్నాడు?"

"ఎప్పుడో చేటతో కొట్టి ఉంటుంది," అన్నాడు బూదన్న.

"నాటకమేమో."

"ఎవరూ చూడని చోట నాటకం ఎందుకాడతాడు?"

పెట్టె చూస్తోందన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

లింగమ్మకి ఒక అలవాటు. తెల్లవారగానే గూటి తలుపు తీస్తుంది. తర్వాత గేదె పాలు పిండుతుంది. ఆ తర్వాత చేటలో నూకలు తెచ్చి, చేట అంచు మీద వేళ్ళతో తడుతూ కోళ్ళని పిలుస్తుంది. ఒకనాడు ఆమె గూడు తెరిచి గేదె దగ్గరికి వెళ్ళిన సమయానికి తిరిపాలు గుంజ ముందుకి వచ్చి కూర్చున్నాడు.

"బో... బో... బో..."

కోళ్ళన్నీ రెక్కలు విప్పుకుని చేనుగట్టుకి ఉరికాయి. అందరికంటే ముందు చుక్కమ్మ కొడుకు, అప్పుడప్పుడే కూత నేరుస్తున్న ఎర్రపుంజు. సింగన్న గొలుసు తెగేలా లాగుతూ గొంతు చించుకుని అరిచాడు. ఇంటికి అవతలి పక్క పాల దగ్గర ఉన్న లింగమ్మకి పిలుపు అందలేదు, కుక్క అరుపు మాత్రం విని, పెట్టె పని పెట్టె చేస్తోందిలే అనుకుంది. తిరిపాలు ఎర్రపుంజుని నోట కరుచుకుని అడవిలోకి పరుగెత్తాడు. నక్క పరుగెత్తాడు కాబట్టి తన పిలుపు బాగా పనిచేసిందని పెట్టె అనుకుంది.

గోల విని ఓబులేసు బయటికి వచ్చాడు. ఈకలు చూశాడు. "ఇంత పొద్దున్నే చేనుగట్టున కోళ్ళని ఎందుకు పిలిచావు?" అని లింగమ్మని అడిగాడు.

"నేనా? నేను పాల దగ్గర ఉన్నాను."

"మంచంలో ఉండి విన్నాను. నీ గొంతే."

లింగమ్మ పాలచెంబు కింద పెట్టింది. "నేను పిలవలేదే," అంది. కాసేపాగి, "పిలిచానా?" అంది. ఇంకాసేపాగి, "పిలిచే ఉంటాను. ఈ మధ్య ఏం చేశానో ఏం చెయ్యలేదో నాకే తెలీడం లేదు," అంటూ గడప మీద కూలబడింది. ఆ రోజు ఆమె పొయ్యి ఆర్పానో లేదో అని పదేపదే లోపలికి వెళ్ళి చూసుకుంది.

ఓబులేసు కోపమంతా కుక్క మీదికి మళ్ళింది. "ఇది ఉండి ఏం లాభం. సంతదాకా ఎందుకు, రేపే వచ్చి తీసుకుపొమ్మంటాను," అని బట్టీ యజమానికి ఫోన్ చేశాడు.

మధ్యాహ్నం చుక్కమ్మ మిగిలిన పిల్లల్ని వెంటేసుకుని సింగన్న దగ్గరికి వచ్చి కూర్చుంది. సింగన్న తలవంచుకున్నాడు.

"అరిచాను చెల్లీ. పెట్టె అనుకున్నారు."

"విన్నాను అన్నా. నేను కూడా పెట్టే అనుకున్నాను." చుక్కమ్మ ముక్కుతో నేల గీసింది. "పిలుపు లింగమ్మదే. కానీ ఏదో తక్కువైంది. పరుగెత్తేటప్పుడే నా కాళ్ళకి తెలిసింది, తలకి ఎక్కేసరికి ఆలస్యమైపోయింది. చేట చప్పుడు లేదు అన్నా."

సింగన్న తలెత్తాడు. "ఇంకోసారి చెప్పు."

"చేట మీద తట్టే చప్పుడు. అది లేదు. ఉత్త పిలుపే."

"అంటే పొద్దున పిలిచింది కూడా ఆ పెట్టే. సాయంత్రాలు పిలిచినట్టే పిలిచింది." సింగన్న గొలుసు చప్పుడు చేసుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. "పందులొస్తే ఏమంటోంది మామా?"

"నీలా అరుస్తోంది. లేకపోతే పులిలా."

"నెమళ్ళొస్తే?"

"టపాకాయలు."

"మరి ఈ బో బో ఎవరొస్తే అంటోంది?"

బూదన్న ఆలోచించాడు. "తిరిపాలు వస్తే."

"ఇంకెవరైనా వస్తే?"

"అనగా వినలేదు."

"అయితే అది కోళ్ళని పిలవడం లేదు. నక్క వచ్చాడని చెప్తోంది. వాడే దానికి అట్లా నేర్పాడు. దొంగ తన పేరు తనే దాని నోట్లో పెట్టాడు."

బూదన్నకి తల తిరిగింది. "ఆగాగు. మేత పిలుపంటే నక్క?"

"చేట చప్పుడు లేకపోతే నక్క. ఉంటే మేత."

"కుక్క అరుపంటే పంది?"

"ఒక్కోసారి పంది. ఒక్కోసారి నేను."

"నాకు ట్రాక్టరే నయం. అది వస్తే ట్రాక్టరే వచ్చినట్టు," అన్నాడు బూదన్న.

చుక్కమ్మ దిగులుగా అంది, "నా పిల్లలకి ఇదంతా ఎట్లా చెప్పేది? రా అంటే రావడం ఒక్కటే వాళ్ళకి తెలుసు."

"చెప్పొద్దు. రేపు తలుపు తీశాక గూటి వాకిట్లో అడ్డంగా కూర్చో. చేట చప్పుడు వినేదాకా కదలకు."

"నువ్వో? గొలుసు సంగతి?"

బూదన్న లేచి నిలబడ్డాడు. "ఆ మేకు నేను పీకుతాను. అరక లాగి చాన్నాళ్ళైంది గానీ మెడ ఇంకా ఉంది."

"ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి," అన్నాడు సింగన్న తనకి తనే చెప్పుకున్నట్టు. "నేను అరవకూడదు. అరిస్తే పెట్టె అనుకుని ఎవరూ లేవరు. వాడూ జాగ్రత్తపడతాడు." అరవని కుక్క ఎట్లా ఉంటుందో అతనికే ఊహకి అందలేదు.

తెల్లవారింది. లింగమ్మ గూడు తెరిచి పాలకి వెళ్ళింది. బూదన్న కొమ్ముకి గొలుసు తగిలించుకుని ఒక్క గుంజు గుంజాడు. మేకు మట్టితో సహా లేచి వచ్చింది.

తిరిపాలు నింపాదిగా వచ్చి గుంజ కింద కూర్చున్నాడు. పెట్టె చూసింది.

"బో... బో... బో..."

తిరిపాలు మూతి నాక్కున్నాడు. ఒక్క కోడీ రాలేదు. నక్క ఇంకా కదల్లేదని, రోజూ పనిచేసిన కూతని మార్చకుండా పెట్టె గొంతు పెంచింది.

"బో... బో... బో..."

"వినపడింది తల్లీ, వస్తారులే," అన్నాడు తిరిపాలు.

పెట్టె ఇంకా పెంచింది. దాని గోలలో వెనకనుంచి గొలుసు ఈడ్చుకొస్తున్న చప్పుడు వినిపించింది. అది పెరట్లోంచి వస్తోందా, పెట్టెలోంచి వస్తోందా? తిరిపాలుకి ఒక్క క్షణం తేలలేదు. అరుపు లేకుండా కుక్క వస్తుందా ఎక్కడైనా? పెట్టె కొత్త కూత పట్టిందిలే, మన పాఠం బాగానే ఒంటబట్టింది అని నవ్వుకున్నాడు. ఆ నవ్వు ముగియకముందే సింగన్న పళ్ళు అతని తోకలో దిగాయి.

అప్పుడు నక్క వేసిన కేకకి ఓబులేసు దుప్పటి విసిరేసి పరుగెత్తుకొచ్చాడు. లింగమ్మ పాలచెంబు చంకన పెట్టుకుని వచ్చింది. తోక కొస కుక్క నోట్లో వదిలేసి నక్క అడవిలోకి పారిపోతున్నాడు. గుంజ మీద నుంచి లింగమ్మ గొంతు ఇంకా పిలుస్తూనే ఉంది.

లింగమ్మ గుంజ వైపు చూసింది. తర్వాత మొగుడి వైపు తిరిగింది.

"ఇప్పుడు నేను పిలుస్తున్నానా?"

"లేదు."

"నా నోరు చూసి చెప్పు."

"మూసే ఉంది."

"అయితే నిన్న కూడా నేను కాదు," అంది లింగమ్మ. చెంబులో పాలు ఒలుకుతున్నా చూసుకోకుండా ఇంకోసారి అంది, "నిన్న కూడా నేను కాదు." ఆమె ముఖంలో వెలుగు చూసి, నక్కని తరిమినందుకేమో అనుకున్నాడు ఓబులేసు.

"పెట్టె పీకేద్దామా?" అన్నాడు.

"ఉండనీ. పందులకి పనికొస్తుంది. ఆ బట్టీ ఆయన్ని మాత్రం రావద్దని చెప్పు. ఈ పెట్టె ఏమంటోందో మనింట్లో ఒక్కడికే అర్థమైంది. వాణ్ణి పంపించి మనం ఏం చేస్తాం?"

అప్పటినుంచి సింగన్నకి గొలుసు లేదు. చేలో కూత వినపడితే చెవి రిక్కించి, అది దేనికో తేల్చుకుని, వెళ్ళాల్సినప్పుడు వెళ్తాడు. అరవడం బాగా తగ్గింది.

"మామా, ఇప్పుడు నేను చేసే పనిని ఏమంటారు?" అని ఒకరోజు అడిగాడు. "అరుపు పెట్టెది. పరుగు నాది. ఆలోచన ఎవరిదో తెలీడం లేదు."

"నాకూ తెలీదు," అన్నాడు బూదన్న. "సంగటి వేస్తున్నారు గదా. ఏదో పనే అయి ఉంటుంది."

ఇక తిరిపాలు. తను నేర్పిన పాఠం తనే మాన్పించాలని ఆ తర్వాత చాలాసార్లు గుంజ ముందుకి వచ్చాడు. బో బో అన్నప్పుడు కదలకుండా కూర్చుంటే పెట్టె ఆ కూత మానేస్తుందని అతని లెక్క. కానీ కూర్చుంటే సింగన్న వస్తాడు. పరుగెత్తితే పెట్టెకి ఆ పాఠం ఇంకా గట్టిపడుతుంది. చివరికి తోక కొస లేని నక్క పొదముందు తలవంచుకుని, పరామర్శకి ఎవరైనా వస్తారేమోనని పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. ఎవరూ రాలేదు.

నీతి: కూత ఎవరు కూసినా, అది ఎందుకో తెలిసి కదిలేవాళ్ళు ఒకరు పెరట్లో ఉండాలి.

సుగుణా, పేర్లు ఒకసారి సరిచూడమ్మా. కుక్క మొదటి నుంచి చివరిదాకా సింగన్నేనా, మధ్యలో ఎక్కడైనా మన పాత కుక్క పేరు పడిందా? లింగమ్మ అని ఉండాల్సిన చోట నా పేరు రాసేశానేమో, అది ముఖ్యంగా చూడు.